కండిషన్‌కి కళ్ళుండవు

మా మాస్టారు పోయారని దేవుడి దగ్గర దీపం పెడుతుండగా తెలిసింది. ఎగువన వానలు గట్టిగా పడుతున్నాయని అప్పటికే ఊరంతా అనుకుంటున్నారు. చెప్పుకుంటే బావుండదు గానీ, నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. ఇక వరద కబుర్లు ఎవరు పంపుతారు?

ఆయన హైస్కూల్లో కంప్యూటర్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గోదావరి పెరిగితే నది మధ్య లంకల్లో ప్రతి ఇంటికీ ఫోన్లో మెసేజ్ వెళ్ళేలా ఒక ప్రోగ్రాం రాశారు. రోజూ లంక నుంచి పడవెక్కి వచ్చి, మా రామాలయం పక్క గదిలో కూర్చునేవారు. పదో తరగతి చదివిన నేను పేర్లు, నంబర్లు టైపు చేసేదాన్ని. అవన్నీ ఒక మ్యాప్‌లో ఉంటాయన్నారు. నాకు అర్థం కాలేదు. "కోరుకొండ నరసింహస్వామి కొండ కింద చెప్పులకి టోకెన్ ఇస్తారు కదమ్మా. నంబరు చెబితే ఆ జతే వస్తుంది. ఇక్కడ ఫోన్ నంబరు చెబితే ఆ ఇల్లు వస్తుంది, అంతే" అన్నారు.

వానాకాలం ముందు ఏటా కొన్ని ఎంట్రీలు తీసేసేవాళ్ళం. పనిచెయ్యని నంబర్ల దగ్గర ప్రోగ్రాం మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంటే, వెనకున్న ఇళ్ళకి కబురు ఆలస్యమవుతుంది. ఎవరిని తియ్యాలో కండిషన్ రాసి, దానికి తగిలిన పేర్లు ముందు స్క్రీన్ మీద చూపించమనేవారు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఒక్కో పేరూ పైకి చదివించుకునేవారు. ఈలోగా టీ చల్లారిపోయేది. "కండిషన్‌కి కళ్ళుండవమ్మా. మనమే చూడాలి" అనేవారు. జాబితా చదువుతుండగా మధ్యలో పేర్లు తీస్తే ప్రోగ్రాం తడబడుతుందనీ, ముందు గుర్తుపెట్టి తర్వాత ఒకేసారి తియ్యాలనీ చెప్పేవారు. ఎంటర్ నొక్కే ముందు నేను నరసింహస్వామిని తలుచుకుంటే నవ్వేవారు. "స్వామిని తర్వాత పిలుద్దువుగాని, ముందు ఆ కామా సంగతి చూడు."

మాస్టారి పెద్దకర్మ అయిన మర్నాడు గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఈ ఏడు పేర్లు తీసే పని ఇంకా మిగిలే ఉంది, ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. మనిషి లేకపోతే ఎంట్రీ తీసెయ్యాలన్నది ఆయన రాసిన కండిషనే. ఈ ఏడు పోయినవాళ్ళందరి పక్కనా 'లేరు' అని టైపు చేశాను, ఆయన పేరు పక్కన కూడా. వచ్చిన పేర్లు పైకి చదువుతూ ఆయన పేరు దాకా వచ్చాను. వేలు ఎంటర్ మీదే ఉంది. అప్పుడు ఆ ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది. లంక చివర, తోటలో ఒంటిగా ఉంటుంది. నీళ్ళు ముందు వచ్చేది అక్కడికే. మాస్టారి భార్య పిన్నిగారు ఒక్కరే ఉన్నారు. ఇద్దరికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే.

ఆ నంబరుకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తారు.

"చెప్పమ్మాయ్. నీళ్ళెక్కడిదాకా వచ్చాయంట?"

ఇంకా దూరంగానే ఉన్నాయన్నాను.

"ఆయన పోయిన దగ్గర్నుంచీ ఈ ఫోన్‌కి చార్జింగు తగ్గనివ్వటం లేదు. నీ కబురు వస్తుంది కదా."

ఆ ఎంట్రీ ఉంచేశాను. ఫోన్ ఎత్తేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేకపోతేనే తియ్యమని కండిషన్ మార్చాను. స్క్రీన్ మీదున్న ప్రతి నంబరుకీ ఫోన్ చేసి అడిగాక గానీ ఎంటర్ నొక్కలేదు. ఆయన పేరు తీసి పిన్నిగారి పేరు రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

రెండ్రోజులకి నీళ్ళు లంక అంచుకొచ్చాయి. మెసేజ్ పంపేసి, మనసాగక రేవులోకి వెళ్ళి నిలబడ్డాను. మూడో పడవలో పిన్నిగారు కనిపించారు. ఒక చేత్తో చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఆ ఫోన్‌ని ఇంకో చేత్తో గుండెకి అదుముకుని, వానలో మెల్లగా దిగుతున్నారు.