సున్నుండల డబ్బాలో ఫ్లాపీ

నాకు నిలకడ లేదన్న మాట మా ఇంట్లో నా చిన్నప్పుడే ఖాయమైపోయింది... కారణం ఒక సీడీ.

అప్పుడు అమెరికాలో, టెక్సాస్‌లోని కాపెల్‌ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ప్రింటర్ ఇంకు కోసం షాపుకి వెళ్ళిన నాన్న, కౌంటర్ పక్క బుట్టలోంచి ఆ సీడీ పట్టుకొచ్చారు. నిండా షేర్‌వేర్ ఆటలే. ఏ ఆటైనా మొదటి భాగం ఫ్రీ... అది అయిపోగానే, మిగతాది కావాలంటే ఫలానా అడ్రస్‌కి చెక్కు పంపమని తెర మీద వచ్చేది. ముక్కూ మొహం తెలియని వాళ్ళకి చెక్కేమిటని అమ్మ కొట్టిపారేసేది.

అందుకని ఒక ఆట మొదటి భాగం ముగించి ఇంకోదానికి వెళ్ళేదాన్ని. వెనక నుంచి చూసే నాన్నకి మాత్రం నేను ఏదీ చివరిదాకా ఆడని పిల్లని. శనివారం తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో అంకుల్స్‌కి కూడా అదే చెప్పి నవ్వేవారు.

ఆటలతో పాటు ఒక చిన్న ఫైలు ఉండేది, ఎవరూ తెరవనిది. నేను తెరిచాను. కాపీలు తీసి మీ స్నేహితులకి పంచండి అని రాసుంది...

మా అమ్మకేమో ఎవరి డబ్బా అయినా ఖాళీగా తిరిగి పంపడం ఇష్టముండదు. గోంగూరతో వచ్చిన డబ్బా సున్నుండలతో వెనక్కి వెళ్ళేది. ఆ సున్నుండల పైన, జిప్‌లాక్ సంచిలో, ఒక ఆట కాపీ చేసిన ఫ్లాపీ పెట్టడం మొదలుపెట్టాను. పక్కవీధి రమణి ఆంటీ వాళ్ళది పాత కంప్యూటర్, చిన్న ఆటైతేనే నడుస్తుంది. వాళ్ళ పాపకి భయమెక్కువ, అందుకని దయ్యాలు లేనిది... ఎవరింటికి ఏది నప్పుతుందో చూసి మరీ పంపేదాన్ని.

ఒకరోజు రమణి ఆంటీ ఫోన్ చేసి అమ్మకి థాంక్స్ చెప్పారు. సంగతి నాన్న చెవిన పడింది. ఆయన మొహం పాలిపోయింది.

"గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉందమ్మా. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కాపీలు ఊరంతా పంచుతావా? ఎవరైనా కంప్లైంట్ చేస్తే?"

"వాళ్ళే పంచమన్నారు నాన్నా. ఇదిగో, చదువు."

"ఊరికే పంచమని ఎవడైనా రాస్తాడటే?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని చదివారు. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచి చదివారు. లేచి వెళ్ళిపోయారు. ఆయన భయం తీరింది... నా మీద అభిప్రాయం మాత్రం మారలేదు. మెడిసిన్ వద్దని కంప్యూటర్స్ తీసుకున్నప్పుడూ, మొదటి ఉద్యోగం మారినప్పుడూ అదే మాట. "నీకు చిన్నప్పట్నుంచీ అంతే."

ఇప్పుడు ఆటలు ఫోన్‌లోకి వాటంతటవే దిగిపోతున్నాయి. మనకి నచ్చుతుందని తలుచుకుని పంపిన మనిషంటూ వాటి వెనక ఎవరూ ఉండరు... మీ ఇంటికి మొదటి ఆట ఎవరి చేతిమీదుగా వచ్చిందో గుర్తుంటే కింద రాయండి, చదవాలనుంది.

ఇప్పటి ఈ కన్సల్టింగ్ ఉద్యోగం కూడా, ఆ ఆటల మొదటి భాగంలా, ఏడాది చేసి చూశాను. నాకు పడలేదు. నిన్న రాజీనామా ఇచ్చాను. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. రాజీనామా మాత్రం వెనక్కి తీసుకోను.