మా సంఘ పెద్ద వెనక్కి తీసుకున్న ప్రార్థన

మా సంఘ పెద్ద మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. సంఘం గ్రూపులో "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టారు. దాని కింద వరసగా "నీతిమంతుడు", "పరిశుద్ధుడు", "మచ్చలేని మనిషి" అని మెసేజీలు. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆయనే ఉంటే వాటన్నిటినీ ఒక్కొక్కటిగా చెరిపించేవారు. ఆయనకు మచ్చ ఉంది. అందులో సగం నేను పూసిందే. ఆ సంగతి చెప్పే హక్కు వన్ టౌన్‌లో నాకంటే ఎవరికీ లేదు కనుక రాస్తున్నాను. పదో తరగతి రెండుసార్లు తప్పి, పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు అమ్ముకునేవాణ్ణి. అక్షరాలు అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి.

ఆయన పోర్టులో సిగ్నల్‌మేన్‌గా రిటైరయ్యారు. క్రేన్ డ్రైవరుకు ఓడ అడుగున ఏముందో కనపడదు. పైన నిలబడి చేతి సైగలతో బరువు దింపించడం ఈయన పని. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. మారు అన్నం కావాలన్నా వేలు కిందికి తిప్పేవారు. చర్చిలో పిల్లాడు ఏడిస్తే తల్లికి రెండు వేళ్లతో బయటికి దారి చూపించేవారు. ఆ సైగలు నేను టీ కొట్టు దగ్గర చేసి చూపిస్తే జనం టీ ఒలకబోసుకునేవారు.

మా సంఘానికి ఒక జబ్బుంది. ఎవరినైనా తిట్టాలంటే మొహం మీద తిట్టం, కళ్లు మూసుకుని ప్రార్థనలో పెట్టి తిడతాం. "ఆలస్యంగా వచ్చే నీ బిడ్డను క్షమించు తండ్రీ" అంటే ఆ బిడ్డ ఎవరో అందరికీ తెలుసు. ఎదురు చెప్పడానికి వీల్లేదు, ఆమెన్ అనాల్సిందే. ఈ విద్యలో మా పెద్దాయన్ని మించినవారు లేరు. నా నోటిదురుసు మీద ఆయన చేసిన ప్రార్థనలు లెక్కలేనన్ని. నేనే అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాణ్ణి.

ఒక ఏడు కోత పండుగ వచ్చింది. వన్ టౌన్‌లో కోయడానికి పొలమా పాడా? అయినా మార్కెట్లో కొన్న గుమ్మడికాయలూ అరటిగెలలూ తెచ్చి ముందు పెట్టి పండుగ చేస్తాం. కొండ అవతల యారాడ నుంచి వచ్చి చేపలమ్ముకునే ఆవిడ ఒకరున్నారు, మేమంతా అక్క అన్నట్టు అప్ప అంటాం. ఆవిడ మాత్రం తన చేత్తో పెంచిన పుంజును తెచ్చింది. ఆ రోజు వాక్యం, శిష్యుడు ప్రభువును ఎరగనని బొంకి, కోడి కూశాక ఏడ్చిన ఘట్టం. ఇక నా బుర్ర ఊరుకుంటుందా? ఎవరూ చూడకుండా పుంజును ఎత్తి, హార్మోనియం వెనక నా ఖాళీ ఉల్లిపాయల బస్తా కింద దాచాను. సరైన చోట కూస్తే ఏడాదంతా చెప్పుకోవచ్చని.

కానుకల ప్రార్థనకు లేచిన పెద్దాయన పుంజు లేదని గమనించారు. కళ్లు మూసుకున్నారు. ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి దాచుకున్న చేతులను క్షమించమన్నారు. సముద్రం ఒడ్డున బతికినా శుభ్రపడని చేతులన్నారు. తలలన్నీ అప్ప వైపు తిరిగాయి. ఆవిడ లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయింది. నేను నోరు మెదపలేదు. జన్మలో నేను నోరు మూసుకున్నది ఆ ఒక్క రోజే, అదీ తెరవాల్సిన రోజు.

తర్వాతి పాట మధ్యలో పుంజు కూసింది. అందరూ నవ్వారు. పెద్దాయన మాత్రం అరచెయ్యి పైకెత్తి నిలబడిపోయారు. పోర్టులో ఆ సైగకు ఒకటే అర్థం, ఉన్నది ఉన్నట్టు ఆపమని. పాట ఆగింది. బస్తా ఎవరిదో తెలుస్తూనే ఉంది కనుక లేచి నిలబడ్డాను. ఆయన నన్ను చూడనైనా లేదు.

ఆ మధ్యాహ్నం నా స్కూటర్ మీద యారాడ బయల్దేరాం. కొండ దారంతా నా తప్పు ఎలా జరిగిందో వివరిస్తూనే ఉన్నాను.

"నీది తర్వాత సూద్దాం. ముందు నాది," అన్నారు వెనక నుంచి. "సైగ తప్పయితే సెయ్యెత్తాల. ఎందుకు తప్పిందో సెప్పుకుంటూ కూకుంటే కిందోడి తల పోద్ది."

అప్ప మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టింది. నా పేరు చెప్పి ఆయన తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

"నీ మీద తప్పుడు ప్రార్థన సేసేనమ్మా."

"దేవుడికి సెప్పేరు. నన్నొక మాట అడగలేకపోనారేటి?"

"అదేనమ్మా నా పాపం," అన్నారాయన.

ఆవిడ తలుపు వేసుకోలేదు, లోపలికి రమ్మననూ లేదు.

మరుసటి ఆదివారం ఆయన అందరి ముందూ, కళ్లు తెరిచే, ఆ ప్రార్థనను వెనక్కి తీసుకున్నారు. ఆవిడ వచ్చేదాకా ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టనన్నారు. ఇరవై ఏళ్లుగా రొట్టె పళ్లెం పట్టిన మనిషి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. నెల గడిచింది, రెండు గడిచాయి. ఆవిడ రాలేదు. ఇక చాలు లెమ్మని పాస్టరుగారే అన్నారు. చాలో చాలదో చెప్పాల్సింది ఆవిడ అన్నారు ఈయన. ప్రార్థనలు మాత్రం బాగా పొట్టివైపోయాయి. వాటిల్లో ఆయన తప్ప ఇంకో పాపి ఉండేవాడు కాదు.

నేనూ వెళ్లి అప్పను క్షమాపణ అడిగాను. కోతి మీద ఎవలైనా కోపం పడతారా అంది. దాంతో తేలికపడి, సంఘంలో లేచి ఇరవై నిమిషాలు సాక్ష్యం చెప్పాను. సగం మందిని నవ్వించాను, సగం మందిని ఏడిపించాను. పక్క సంఘం వాళ్లు తమ దగ్గరికీ వచ్చి చెప్పమన్నారు. ఆ సాయంత్రం పెద్దాయన కొట్టుకొచ్చి, ఉల్లిపాయలు ఏరుతూ అన్నారు: "ఒప్పుకున్నావు, బాగుంది. మల్లీ దాన్ని పతకంలా తగిలించుకు తిరుగుతావేటి?"

పక్క సంఘానికి వెళ్లలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ కూడా రెండుసార్లు చొక్కా తడుముకున్నాను, పతకం ఏమైనా తగిలిందేమోనని.

ఐదో నెల మొదటి ఆదివారం, రొట్టె విరుస్తుండగా, ఆలస్యంగా, అప్ప వచ్చింది. ఆదివారం చేపల బేరం వదులుకుని ముందే వచ్చేవాళ్లు ఎవరు? మా చర్చిలో ఆడవాళ్లది ఎడమ పక్క, మగవాళ్లది కుడి పక్క. ఆవిడ మధ్య దారి దాటి కుడి పక్కకొచ్చి, వెనక బెంచీలో ఆయన పక్కన కూర్చుంది. పెద్దాయన తల ఎత్తలేదు.

"లెగండి, పెద్దయ్యా," అందావిడ.

ఇద్దరూ ముందుకు నడిచారు. ఆయన మోకాలు వంగలేదు. ఆవిడ మోచెయ్యి పట్టి దించి, పక్కనే తనూ మోకరించింది. రొట్టె కోసం రెండు జతల చేతులు పక్కపక్కనే చాచి ఉన్నాయి. ఆవిడ మణికట్టు మీద, కడుక్కున్నా పోని చేప పొలుసు ఒకటి, కిటికీ ఎండకు తళుక్కుమంటోంది.