నల్ల రబ్బరు పురుగు

గంగాధరానికి అనుమానమొచ్చిందంటే ఇగ అన్నం సయించదు. దుకాణంల కిలో చక్కెర తెచ్చినా రూముకచ్చి చేతుల పట్టుకొని బరువు చూసే మనిషి. సూర్ ఊరి బయట సుఫియాన్ అనే ఒమానీ అర్బాబ్, అంటే యజమాని, తోటల తొమ్మిదేండ్ల సంది పనిజేస్తున్నడు. ఖర్జూర చెట్లకు నీళ్లు కట్టుడు, మేకలకు గడ్డి కోసుడు, సిమెంటు చెరువుల నీళ్లు తగ్గకుంట మోటరు నడిపిచ్చుడు ఆయన డ్యూటీ. సొంతూరు ధర్మపురి దిక్కు, బెస్తోళ్ల ఇల్లు. నీళ్లను చూసి చేపను చెప్తనని ఆయనకు గర్వం. ఆ మాత్రం గర్వం లేని బెస్తోడు ఎక్కడన్న ఉంటడా?

మూడేండ్ల కింద అర్బాబ్ ఆ చెరువుల బాస్ అనే చేపలు తెచ్చి ఇడిసిండు. ఇంత పెద్ద నోరు, పచ్చటి ఒళ్లు. అవి పిండి ముద్దను ముట్టయి, కదిలేదాన్నే మింగుతయి. అందుకే అర్బాబ్ దగ్గర డబ్బా నిండ ఉత్తుత్తి ఎరలు. మెరిసే రేకు చెంచాలు, నీళ్ల మీద ఎగిరే రబ్బరు కప్పలు, తోక ఊపే రబ్బరు పురుగులు. శుక్రవారం నమాజు అయినంక అర్బాబ్ గాలం పట్టుకొని వస్తడు, ఏ ఎర కట్టాల్నో గంగాధరం చెప్తడు. చలికాలమంత ఆయన కట్టిన చెంచాకు చేపలు ఎగబడ్డయి.

జూన్ వచ్చింది. మూడు శుక్రవారాలు ఒక్క చేప ముట్టలే. చెంచా మార్చిండు, కప్ప కట్టిండు, ఏం లాభం లేదు. మూడో వారం అర్బాబ్ గాలం కింద వెట్టి హిందీల నిమ్మళంగ చెప్పిండు. చేపలు నీళ్లల్లనన్న ఉండాలె, మీ ఇద్దరి కడుపులల్లనన్న ఉండాలె. వచ్చే శుక్రవారం ఒక్కటన్న కండ్లవడకుంటే తిన్నోడు ఇంటికే.

ఇద్దరంటే గంగాధరం, వంట చేసే వహీద్. వహీద్‌ది కడప, ముప్పై ఏండ్లు దాటలే. మూడేండ్ల సంది ఇద్దరిది ఒక్కటే రూము.

గంగాధరం ఆలోచన ఊరి చెరువు కాడికి పోయింది. అక్కడ ఎండాకాలం నీళ్లు ఇంకుతయి, కాగుతయి, చేపలు పైకచ్చి నోర్లు తెరుస్తయి. ఎండల చేప పైకి రాలేదంటే చెరువుల చేప లేనట్టే. లేదంటే ఎవడో తిన్నట్టే. నేనైతే తినలే. ఇగ మిగిలింది ఎవడు?

అట్ల అనుకున్నంక అన్నీ అట్లనే కనవడ్డయి. వంటింటి ఎనుక చేప ముండ్లు. వహీద్ మార్కెట్ల చేప తలకాయలు తెచ్చి పులుసు పెట్టుడు, ఆ పులుసు తను రెండుసార్లు ఏసుకునుడు యాదికి రాలే. తను కునుకు తీస్తుంటే వహీద్ గిన్నె పట్టుకొని చెరువు దిక్కు పోతున్నడు. నవ్వితె ఎందుకు నవ్విండు? నవ్వకపోతె ఎందుకు నవ్వలే?

గురువారం వహీదే దగ్గరికొచ్చిండు.

"గంగన్నా, పైపైన ఆడిచ్చేది మానుకో. ఆ నల్ల రబ్బరు పురుగును మోటరు పైపు కాడ అడుక్కి దించి మెల్లగా లాగు. చల్లనీళ్లు పడేది ఆడే గదా."

సరే తియ్ అన్నడు గని గంగాధరానికి లోపల మండింది. వంటోనికి చేప జాగ ఎట్ల ఎరుక? తిన్నది కాక బెస్తోనికి గాలం నేర్పుతడా?

శుక్రవారం పంతానికి మళ్ల చెంచానే కట్టిండు. రెండు గంటలైనా చేప రాలే. అర్బాబ్ తన దిక్కు చూసిండు. తొమ్మిదేండ్ల కొలువు ఇయ్యాల్టితోని ఒడిసిందని గంగాధరం గుండె జారింది. అప్పుడన్న మాట నోరు జారుడు కాదు, తెలిసే అన్నడు.

"వంటింటి ఎనుక ముండ్లు చూసిన, అర్బాబ్."

ఆదివారం వహీద్‌ను పంపుడని అక్కడనే తేలిపోయింది. వహీద్ ఒట్లు వెట్టలే, మొత్తుకోలే. అవి మార్కెట్ చేప ముండ్లని, చెరువు కాడికి తను పోయేది కోడి పేగులు ఏసెతందుకని, పైపు కాడ ఏదో వాటిని గుంజుకపోతదని ఒక్కసారి చెప్పిండు. అర్బాబ్ ఇనలే.

గంగాధరం ఇన్నడు. ఇన్నది రాత్రంత తొలిసింది. శనివారం మిట్టమధ్యాహ్నం, వహీద్ బట్టలు సర్దుకుంటుంటే, డబ్బాల నుంచి నల్ల పురుగు తీసి కట్టిండు. చేప పడొద్దని ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకుంట పైపు కాడ దించిండు. పురుగు అడుగు తాకింది. బెత్తెడు లాగి ఆగిండు. మళ్ల బెత్తెడు. దారం బిగుసుకున్నది.

మోచేతంత చేప. బెస్తోని పుట్టుక పుట్టి, చేప పడ్డందుకు ఏడుపొచ్చుడు గంగాధరానికి అదే తొలిసారి. ఎవ్వలు చూడలే. ఇప్పుడు ఇడిసిపెడితే రేపు వహీద్ పోతడు, తను ఉంటడు, మాట బయటికి రాదు. చేపను నీళ్లల్ల ముంచి పట్టుకొని శానసేపు కూసున్నడు. చేప ఇడిస్తె పోతది గని పాపం పోతదా? బకెట్‌ల ఏసుకొని అర్బాబ్‌కు వీడియో కాల్ చేసిండు. చేపలున్నయి, ఎర కట్టుడు తనకే తెలువలే, వహీద్ మీద ఉత్తగనే చెప్పిన అని ఒప్పుకున్నడు. అర్బాబ్ నోటికొచ్చినట్టు తిట్టి, చేపను రెండుసార్లు చూపియ్యుమని, చల్లవడ్డడు. ఇద్దరు ఉండుండ్రి అన్నడు.

రూముకచ్చి వహీద్‌కు అంతా చెప్పిండు. తప్పైంది తమ్మీ అని చేతులు పట్టుకున్నడు.

"ఏం కాదులే అన్నా" అన్నడు వహీద్.

గంగాధరానికి పానం లేచొచ్చింది. వహీద్ లేచి పొయ్యి ముట్టిచ్చి అన్నం, పప్పు వండి ఎప్పటి లెక్కనే తనకు వడ్డిచ్చిండు. సర్దిన బట్టలను మళ్ల ఇనుప పెట్టెల పెట్టుకున్నడు. మూడేండ్లల ఆ పెట్టెకు ఒక్కనాడు తాళం లేదు. ఆ సాయంత్రం ఎక్కడినుంచో తాళంకప్ప తెచ్చి ఏసి, గుంజి చూసి, తాళంచెవిని జేబుల ఏసుకున్నడు. తాళమెందుకని అడిగే మొఖం గంగాధరానికి లేదు.