కథ లేని గ్లాసు

ఆదివారం మధ్యాహ్నం కాంపౌండరు ఇంటికి ఎవరు వెళ్ళినా రెండు దొరికేవి. ఒక గ్లాసు, ఒక తిట్టు. గ్లాసు చేతికి ఇచ్చేవాడు. తిట్టు కథలో పెట్టి ఇచ్చేవాడు.

ముప్ఫై నాలుగేళ్ళు ఒకే డాక్టరు దగ్గర పనిచేశాడు. గోడలో చిన్న కిటికీ. దాని వెనక సన్నటి బల్ల. బల్ల మీద సీసాలు. చీటీ లోపలికి వచ్చేది, మందు బయటికి వెళ్ళేది. జనానికి అతని మొహం తెలియదు, చేతులు తెలుసు. సీసాకి మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితం అంటించేవాడు, ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. చివర బిరడా బిగించి గట్టిగా కుదిపేవాడు. "తాగేముందు కుదుపు. కుదపకుండా తాగి, తగ్గలేదని నా దగ్గరికి రాకు" అని కిటికీలోంచి చెప్పేవాడు. అన్నేళ్ళలో రోగులతో అతను మాట్లాడింది దాదాపు అంతే.

డాక్టరు పోయాక ఆయన కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నాడు. అన్నిటికీ మాత్రలే రాశాడు. కలిపే బల్ల మీద ముందు ఫైళ్ళు చేరాయి, తరవాత ప్రింటరు చేరింది. ఒకరోజు కాంపౌండరు ఔన్సు గ్లాసు, కల్వం, గాజు కడ్డీ, గరాటు సంచీలో వేసుకుని ఇంటికి వచ్చేశాడు.

"ఇవన్నీ ఎందుకు?" అంది భార్య.

"నావి" అన్నాడు.

నెల రోజులు ఊరికే కూర్చున్నాడు. ఆ నెలలో వంటింట్లో ప్రతి డబ్బాకీ చీటీ పడింది. ఉప్పుకి కూడా. ఆ తరవాత పాత పుస్తకాల దుకాణంలో ఒక పుస్తకం దొరికింది. పేరుమోసిన కాక్‌టెయిళ్ళు ఇంట్లో కలుపుకునే విధానం, ఒక్కోదాని వెనక ఉన్న కథ. కొలతలన్నీ ఔన్సుల్లో ఉన్నాయి. దుకాణంలో నిలబడే సగం చదివాడు.

అతను తాగుబోతు కాదు. ఆదివారం ఒక్క గ్లాసు, అదీ అందరికీ ఇచ్చాక. అతనికి కావలసింది కొలత, కలపడం, ఎదుటివాడు మింగుతుంటే చూడటం. ముప్ఫై నాలుగేళ్ళు మందు కలిపాడు గాని ఒక్కడు మింగడం కూడా చూడలేదు.

ఇంట్లో ఒక మరచెంబు ఉండేది. గట్టి మర, చుక్క కారదు. అందులో ఐసు, సారాయి, రసాలు పోసి మూత బిగించి, సీసాలు కుదిపినట్టే కుదిపేవాడు. కుదుపుతూ కథ మొదలుపెట్టేవాడు.

బావమరిది వాచీలు బాగుచేసేవాడు. మాట వినే రకం కాదు. అతనికి జిన్‌లో నిమ్మరసం కలిపి ఇచ్చాడు.

"పూర్వం ఓడల్లో పనిచేసేవాళ్ళకి చిగుళ్ళు కుళ్ళి పళ్ళు రాలిపోయేవి. నిమ్మరసం తాగండ్రా అంటే తాగేవాళ్ళు కాదు. అందుకని జిన్ కలిపి పోశారట. మంచిమాట వట్టిగా చెబితే ఎక్కని జాతి ఒకటుంటుంది. తాగు."

"నా పళ్ళు బాగానే ఉన్నాయి బావా."

"పళ్ళే బాగున్నాయి."

బావమరిది తాగాడు. మళ్ళీ ఆదివారం కూడా వచ్చాడు. తిట్టుకి అలవాటు పడ్డవాడు గ్లాసు ఎందుకు వదులుకుంటాడు?

డాక్టరు కొడుకు ఒకసారి మర్యాదకి వచ్చాడు. అతనికి విస్కీ, చక్కెర, రెండు చుక్కల చేదు టింక్చరు కలిపి ఇచ్చాడు. "బార్లవాళ్ళు గ్లాసులో అడ్డమైనవన్నీ కలపడం మొదలుపెడితే జనానికి విసుగెత్తిందట. బాబూ, మాకు పాత పద్ధతిలోనే కలిపి ఇవ్వండి అన్నారట. దాని పేరే పాత పద్ధతి అయిపోయింది. తండ్రి చేసిన పని కొడుకు చెడగొడితే జనం ఊరుకోరు సార్." డాక్టరు కొడుకు గ్లాసు సగంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సగం కాంపౌండరు తాగలేదు. పారబోసి, గ్లాసు రెండుసార్లు కడిగాడు.

కాంపౌండరుకి ఒక్కతే కూతురు. ఒక పెద్ద హోటల్లో వచ్చినవాళ్ళకి గదులు ఇచ్చే కౌంటర్లో పనిచేసేది. అదే హోటల్ బారులో కాక్‌టెయిళ్ళు కలిపేవాణ్ణి పెళ్ళి చేసుకుంది. చెప్పి చేసుకుంది, అడిగి కాదు.

అల్లుడు మొదటిసారి వచ్చిన రోజు కాంపౌండరు తెల్లవారే లేచి గ్లాసులు తుడిచాడు. జిన్ ఒక ఔన్సు, మూలికలు వేసిన తియ్య వైను ఒక ఔన్సు, ఎర్రటి చేదు లిక్కరు ఒక ఔన్సు. మరచెంబులో పోసి కుదిపాడు.

"ఒక పెద్దమనిషి బారుకి వెళ్ళి, రోజూ తాగేదాంట్లో సోడా తీసేసి జిన్ పొయ్యమన్నాడట. పోశారు. ఇప్పటికీ ఆ డ్రింకుకి ఆ పెద్దమనిషి పేరే. పోసినవాడి పేరు ఎంతమందికి తెలుసు అల్లుడుగారూ? పేరు తాగినవాడిది. పోసినవాడు పోసినవాడే."

అల్లుడు గ్లాసు అందుకున్నాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు.

"నిజమే మామయ్యగారూ. రోగం తగ్గితే డాక్టరుగారి హస్తవాసి అంటారు. మందు కలిపిన చెయ్యి ఎవరిదో ఎవడు అడుగుతాడు?"

ఆ రోజూ వచ్చి కూర్చున్న బావమరిది నవ్వబోయి దగ్గాడు.

"ఇంకోటి" అన్నాడు అల్లుడు. "ఇందులో రసం లేదు, పాలు లేవు. అన్నీ సారాయిలే. ఇలాంటిదాన్ని కుదపరు. ఐసు మీద నెమ్మదిగా తిప్పుతారు. చూడండి, బురదనీళ్ళలా ఉంది."

కాంపౌండరు ఆ గ్లాసు లాక్కుని తొట్టిలో పారబోశాడు. "నాకు నేర్పడానికి వచ్చావురా? సీసాలు గాల్లోకి ఎగరేసే గారడీవాడివి. నడు బయటికి."

అల్లుడు నడిచాడు. వెనకే కూతురు నడిచింది. చెప్పులు వీధిలోకి వెళ్ళాక వేసుకుంది.

రెండేళ్ళు రాలేదు. కాంపౌండరు కూతురి మాట ఎత్తలేదు. లోపల ఫోను మోగితే మాత్రం రేడియో సౌండు తగ్గించేవాడు. భార్య కూతుర్ని బస్టాపులో కలుసుకునేది, బెంచీ మీద కూర్చుని గంటసేపు మాట్లాడుకుని ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేవాళ్ళు. ఒక సోమవారం ఆవిడ సంచీ బల్ల మీద పడేసి అంది.

"కన్నకూతుర్ని బస్టాపులో చూసుకోవడం ఇంక నా వల్ల కాదు. ఈ ఆదివారం వస్తారు. నేనే బతిమాలాను."

"రానీ."

"క్షమాపణ చెప్పమని అడగలేదు అది. ఒక్కటే అడిగింది. గ్లాసు ఇచ్చేటప్పుడు కథ చెప్పకూడదు. ఒక్క కథ మొదలెట్టావా, లేచి వెళ్ళిపోతుందట. మళ్ళీ ఈ గడప తొక్కదట. నేనూ దానితోనే పోతా. నీ చీటీలు, నువ్వూ ఉందురుగాని."

"ఎన్ని గంటలకి వస్తారు?"

"రెండింటికి."

మంగళవారం మళ్ళీ అడిగాడు. గురువారం మళ్ళీ అడిగాడు.

బుధవారం భార్య గదిలోకి వచ్చేసరికి కిటికీ గట్టు మీద రెండు గ్లాసులున్నాయి. రెండిట్లో అదే ఎర్రటి డ్రింకు. ఒకటి మసగ్గా, పైన నురగతో, ఐసు నలకలతో ఉంది. రెండోదాని వెనక పెట్టిన పేపర్లో అక్షరాలు చదువుకోవచ్చు. కాంపౌండరు వంగి ఆ రెండో గ్లాసునే చూస్తున్నాడు.

"అయితే అల్లుడు చెప్పింది నిజమే" అంది.

"పుస్తకంలో కూడా ఉంది."

"ఇన్నాళ్ళూ కనబళ్ళేదా?"

"ముందుమాటలో రాశాడు. ముందుమాటలు ఎవడు చదువుతాడు?"

పుస్తకంలో ఇంకో ఇబ్బంది ఉంది. చల్లబడేవరకు తిప్పవలెను అని రాసి ఉంది. ఎంతవరకు? గీత లేదు, అంకె లేదు. చల్లబడేవరకు అన్నది కాంపౌండరు లెక్కలో కొలత కాదు, సోమరితనం. వంద అని తనే ఖాయం చేసుకున్నాడు. వంద అంటే వంద.

ఆదివారం రెండింటికి వచ్చారు. కూతురు కొంచెం లావయింది. కుర్చీ అంచున కూర్చుంది, బ్యాగు భుజం మీంచి తియ్యలేదు. అల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నిమ్మరసానికి, ఐసుకి వేళ్ళ చివర్లు పగిలి తెల్లగా ఉన్నాయి.

"కూర్చోండి అల్లుడుగారూ. కుర్చీలు అందుకే ఉన్నాయి."

"నిలబడటం అలవాటే మామయ్యగారూ. ఉద్యోగం అలాంటిది."

"మాదీ అంతే. కాకపోతే మేం నిలబడ్డచోట సర్కసు చెయ్యలేదు."

"నాన్నా" అంది కూతురు.

"ఇది కథ కాదే. మాట."

భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చీర చెంగు నడుములో దోపుకుంది. కాంపౌండరు బల్ల దగ్గరికి వెళ్ళాడు. మూడు ఔన్సులు కొలిచి మందపాటి గాజు పాత్రలో పోశాడు, ఐసు వేశాడు. మరచెంబు జోలికి పోలేదు. గాజు కడ్డీ తీసుకున్నాడు. అల్లుడి కళ్ళు ఆ కడ్డీ మీదికి వెళ్ళాయి.

గదిలో ఐసు చప్పుడు తప్ప ఏమీ లేదు. కాంపౌండరు పెదాలు కదులుతున్నాయి. నలభై. యాభై.

ఎప్పటిలాగే వచ్చి కూర్చున్న బావమరిదికి ఆ నిశ్శబ్దం భరించడం కష్టమయింది. "బావా, ఆ ఓడలవాళ్ళ సంగతి..."

"నోర్ముయ్. అరవై మూడు."

వంద అయ్యాక వడపోసి గ్లాసు అల్లుడికి ఇచ్చాడు. ఏమీ అనలేదు. అతను ఏమీ అనకుండా గ్లాసు ఇవ్వడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. చెయ్యి ఖాళీ అయ్యాక ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు లాల్చీకి తుడుచుకున్నాడు.

"ఈసారి కథ లేదా?" అన్నాడు అల్లుడు.

కాంపౌండరు దగ్గర కథ ఉంది. వారం రోజులుగా వద్దనుకుంటూనే సానబెట్టిన కథ. నోటిదాకా వచ్చింది. కూతురు చెయ్యి బ్యాగు పట్టీ మీదికి వెళ్ళింది. మింగాడు.

అల్లుడు ఒక గుక్క తాగాడు. నోట్లో అటూ ఇటూ తిప్పాడు.

"నీళ్ళు చేశారు."

"ఏమండీ" అంది కూతురు, ఈసారి మొగుడితో.

"ఉన్నమాటే కదా. బురద పోయింది, నీళ్ళు వచ్చాయి. ఐసంతా ఇందులోనే కరిగింది."

కాంపౌండరు మొహం నల్లబడింది. బావమరిది కిటికీలోంచి వీధిలోకి చూడటం మొదలుపెట్టాడు. భార్య గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఎంతసేపు?" అన్నాడు కాంపౌండరు.

"ఏంటి?"

"ఎంతసేపు తిప్పాలి?"

"ఈ మాట రెండేళ్ళ కిందట అడగాల్సింది."

"అప్పుడు నువ్వు చెప్పలేదు, వాగావు."

"మీరు గెంటేశారు."

"మళ్ళీ గెంటుతాను. ముందు చెప్పు."

అల్లుడు గ్లాసు బల్ల మీద పెట్టాడు. చప్పుడు వచ్చేలా పెట్టాడు. గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చి మామగారి చేతిలోంచి గాజు కడ్డీ తీసుకున్నాడు. "మీరు ఎన్నిసార్లు తిప్పారు?"

"వంద."

"వంద! ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మీ పుస్తకాలు రాసేవాళ్ళకి అంకెలు రావుగా."

"అంకె ఉండదు. పాత్ర బయట వేలు పెట్టి చూస్తారు. చలి వేలిని కొరికినప్పుడు ఆపేస్తారు."

"వేలా? నీ వేలు వేరు, నా వేలు వేరు. ఇలాగేనా నువ్వు జనానికి పోసేది? మేం ఇలా కలిపి ఉంటే ఈపాటికి సగం ఊరు శ్మశానంలో ఉండేది."

"ఇది దగ్గుమందు కాదు మామయ్యగారూ."

"ఏదైనా కొలతే."

అల్లుడు తనే కొలిచి, పోసి, తిప్పాడు. ఎడమచేతి రెండు వేళ్ళు పాత్రకి ఆనించి ఉన్నాయి. ముప్ఫై దాటగానే ఆపేశాడు. కాంపౌండరు లెక్కపెడుతూనే ఉన్నాడు. గ్లాసు అందుకుని తాగాడు.

"జిన్ అర డ్రాము తక్కువ పోశావు. ఔన్సుకి ఎనిమిది డ్రాములు, అదైనా తెలుసా?" అన్నాడు.

"గీతదాకా పోశాను."

"నిలబడి పైనుంచి చూశావు. పైనుంచి చూస్తే గీత ముందే వచ్చినట్టు ఉంటుంది. మోకాళ్ళు వంచి, కంటికి సమానంగా చూడాలి. నీకు కళ్ళు నెత్తిమీద ఉన్నాయిగా."

అల్లుడు ఔన్సు గ్లాసులో మళ్ళీ జిన్ పోశాడు. ఈసారి వంగి చూశాడు. వంగినవాడు కొంచెంసేపు అలాగే ఉన్నాడు. ఇంకొంచెం పోశాడు.

"అర డ్రాము లేదు. పావు" అన్నాడు.

"అర."

"పావు."

"అమ్మా, ఏమైనా తినడానికి ఉందా?" అంది కూతురు. భార్య ఒక పళ్ళెంలో వేరుశెనగలు తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టి, తనూ పక్కన కూర్చుంది. బావమరిది పళ్ళెంలోకి చెయ్యి చాచాడు. ఎవరూ వద్దనలేదు.

బల్ల దగ్గర గొడవ ఇంకా ఆగలేదు. అల్లుడు ఐసు ముక్క ఒకటి తీసి వాసన చూసి తొట్టిలోకి విసిరాడు.

"మీరు ఎంత కొలిచినా, నేను ఎంత తిప్పినా ఇంతే. ఇది ఐసా? కూరగాయల కంపు. వచ్చే ఆదివారం మా ఐసు తెస్తాను."

"నా ఇంట్లోకి నీ ఐసు రాదు."

"అయితే మేమూ రాం" అంది కూతురు, గింజ నములుతూ, తల ఎత్తకుండా.

కాంపౌండరు కూతురి వైపు చూశాడు. తరవాత అల్లుడి వైపు చూశాడు. అతని మీద ఉన్న అసహ్యం ఒక చుక్క కూడా తగ్గలేదు.

"రెండింటికల్లా ఇక్కడుండాలి" అన్నాడు. "తోవలో కరిగించుకుని వచ్చావో, మెట్ల మీదే ఆపేస్తాను."