ముందు ఆయనకి

యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఓ కిరాణా కొట్లో మా వైపు యాస వినబడి ఆగిపోయాను. మాది విశాఖపట్నం అనగానే కొట్టు నడిపే నూకాలమ్మగారు నన్ను భోజనానికి ఉండిపొమ్మన్నారు.

ఎర్రరంగునిచ్చే జాఫ్రా గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి రాత్రంతా నానబెట్టిన కోడిని అరిటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించారు. ఆవిడ భర్త ఓడలో వంటవాడు; మెక్సికో రేవులో నేర్చుకొచ్చిన వంటట. పొట్లం విప్పగానే మొదటి ముక్క చిన్న పళ్లెంలో తీసి పక్కన పెట్టారు.

“అది ఎవరికమ్మా?”

“మా ఆయనకి బాబు. ఇక్కడ బర్మావోళ్ల అలవాటు. ఇంట్లో లేని పెద్దోళ్లకి ముందు తీసి, తరవాత మనం తినాల.”

“ఓడ ఇప్పుడెక్కడుంది?”

“మీ ఊరి ముందరే. బర్మా కాయితాలోళ్లని దిగనివ్వట్లేదంట. ఆళ్ల తాత పుట్టినూరు కద, దీపాలు సూస్తన్నానని ఫోన్లో సెప్పినాడు. ఏటి సేస్తాం?”

ఇంకా ముట్టని నా వాటాలోంచి ఓ ముక్క తీసి ఆయన పళ్లెంలో పెట్టాను. గుమ్మం దాకా వచ్చిన మనిషికి మా ఊళ్లో ఆ మాత్రం పెట్టేవాళ్లు లేకపోయారు.