మిరపకాయలకి డాక్టరుగారి పిలుపు

మా అక్క మొగుడు ఒక సాఫ్ట్‌వేరు తయారుచేశాడు. ఆసుపత్రికి వచ్చినవాళ్లు వరండాలో పడిగాపులు కాయకుండా, వంతు దగ్గరపడగానే ఫోను చేసి పిలుస్తుంది. చేసేది ఆయన, అమ్మేది నేను. చదువు మధ్యలో మానేసినవాడికి నోరే కదా సర్టిఫికెట్టు!

రాజాంలో నేనెక్కని క్లినిక్కు మెట్టు లేదు. డాక్టర్లందరూ మెచ్చుకున్నారు, ఒక్కరూ కొనలేదు. ఎందుకు కొనలేదో ఓ డాక్టరుగారి వరండాలో కూర్చున్నప్పుడు తట్టింది. నిండిన వరండాయే ఆయన బోర్డు. ఖాళీ కుర్చీలు కనబడితే, ఈయన హస్తవాసి మంచిది కాదేమో అనుకుంటారు జనం. మేమేమో ఆ బోర్డు పీకేస్తామని ఆయన్నే బతిమాలుతున్నాం.

“ఒరే బామ్మర్దీ, ఇంక సాల్రా. హైదరాబాదులో ఉద్యోగం ఇస్తామంతన్నారు. నెలాఖరుకి ఇదంతా మూసేస్తాను,” అన్నాడు బావ.

ఒకసారి మూస్తే మళ్లీ దాని మొహం చూడడు. మనిషి నాకు తెలుసు.

ఆ వారమే ఆమదాలవలసలో మా మేనత్త నడిపే పిండిమిల్లుకి వెళ్లాను. లోపల మర చప్పుడు కన్నా బయట ఆడవాళ్ల గొడవే ఎక్కువగా ఉంది. మిరపకాయలు ఆడిన మరలో వెంటనే బియ్యం పోస్తే, ఆ పిండితో వండిన అరిసె తిన్నవాడు ఏడవాల్సిందే. అందుకే కారం ఎప్పుడూ ఆఖరు. ఆ మాటకి సరేననే మిరపకాయల మనిషి మాత్రం ఇంకా పుట్టలేదు.

“ముందొచ్చింది నాను! నన్నెనక్కి నెట్టడానికి నువ్వెవరమ్మా?” అని ఒకావిడ అత్త మీద లేచింది.

అత్త నావైపు తిరిగింది. “నవ్వుతావేటిరా? ఈ తగువు తీర్సేదేదైనా ఉంటే సెప్పు.”

మా సాఫ్ట్‌వేరులో, ప్రాణం మీదికొచ్చిన రోగిని ముందుకు జరిపే బటన్ ఒకటుంది. “బావా, ఆ బటన్ తిరగెయ్. మిరపకాయలు ఎనక్కెళ్లాల,” అన్నాను, అక్కడ్నుంచే బావకి ఫోను చేసి.

“డాక్టర్లకి సేసింది పిండిమరకేటిరా?” అని విసుక్కుంటూనే తిప్పాడు.

ఫోనులో పలికే గొంతు మార్చడం మాత్రం ఇద్దరం మరిచిపోయాం. మేమిద్దరం దాన్ని మిల్లులో పెట్టిన మొదటి రోజే, సరుకు అప్పజెప్పి ఇంటికెళ్లిన ఒకావిడ ఆయాసపడుతూ పరిగెత్తుకొచ్చింది.

“డాక్టరుగారు పిలస్తన్నారంట! నా మిరపకాయలకి ఏటైపోనాదిరా?”

“ఏటీ అవ్వనేదప్పా. ఇంకా పేణంతోనే ఉన్నాయి,” అన్నాను.

మిల్లంతా నవ్వింది. చాలా రోజుల తరవాత బావ కూడా నవ్వాడు.

గొంతు మార్చాం. అయినా ఆడవాళ్లు ముందే వచ్చి బల్ల మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నారు. ఫోను అక్కడే మోగుతోంది. బావ మొహం మళ్లీ వాడిపోయింది. “ఎలాగూ ఇక్కడే కూకుంతారు. మన పిలుపు ఎవులికి, అత్తా?”

“నాకురా,” అంది అత్త. “ఇప్పుడెవుల్నీ నాను ఎనక్కి నెట్టనేదు, ఫోను నెట్టింది. తిట్లన్నీ దానికే. ఇది నాకుండనీ.”

మేం అమ్మబోయింది తీరిక. అత్త కొనుక్కున్నది తిట్లు పడే మనిషిని.

ఆ సాయంత్రం హైదరాబాదు నుంచి ఫోనొస్తే, బావ బయటికెళ్లి మాట్లాడి వచ్చాడు.

“ఏటని సెప్పావు బావా?”

“మిరపకాయల పని మీదున్నాను, రానేనని సెప్పాను.”