ఎర్ర స్కూటరు ఆగిన గుమ్మం

మా పక్కింటి అమ్మాయి హెచ్ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి మందుల సంగతి చూసే పనిలో కొత్తగా చేరింది. పోయిన వారం వచ్చి, "పిన్నీ, ముందు ఏటి నేర్సుకోవాల?" అని అడిగింది. "బండి దూరంగా ఆపడం" అన్నాను. నవ్వింది. ఒకప్పుడు అదే పనిలో ఉండగా నేనూ అలాగే నవ్వేదాన్ని. బరంపురంలో బట్టల కొట్టు వాళ్ల కోడలిని, సొంతంగా ఎర్ర స్కూటరు, తగని గర్వం. దాని మోత వినే మా ఆయన కొట్లోంచి భోజనానికి లేచేవారు. సూరత్ మిల్లుల నుంచి జబ్బు తెచ్చుకున్న మగవాళ్ల ఇళ్లకూ, వాళ్లు పోయాక మిగిలిన ఆడవాళ్ల ఇళ్లకూ దానిమీదే తిరిగాను. అది ఎవరి గుమ్మం ముందు ఆగితే వాళ్లకు 'ఆ జబ్బు' అని ఊళ్లు పోల్చుకున్నాయి.

ఛత్రపురం వైపు సముద్రపు ఒడ్డున ఒకామె ఉండేది. మొగుడు పోయాడు. అతను సూరత్‌లో కష్టపడి కట్టిన రెండు గదుల ఇల్లే ఆమెకు మిగిలింది. పక్కనే మరిది. "తెలిస్తే మా మరిది నన్ను ఇంట్లో ఉండనివ్వడమ్మా. బండి రోడ్డు మీదే ఉంచీసి నడిసి రా" అనేది. రెండేళ్లు నడిచాను. ఒకనాడు కుండపోత వాన, ఒంటిమీద కొత్త చీర. బద్ధకించి బండిని తిన్నగా ఆమె చూరు కిందికే పోనిచ్చాను. ఆమె ముఖం పాలిపోయింది. "ఒక్కసారికేం కాదులే" అన్నాను.

మరుసటి నెల రోడ్డు మీద బండి దిగుతూనే కేకలు విన్నాను. పరుగెత్తి వెళ్లేసరికి మరిది ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి, పడవ తెడ్డుతో గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. కుండలు పగిలాయి, మాత్రలు ఇసకలో చెల్లాచెదురుగా పడ్డాయి. "మా అన్నని తినేసినావు. ఇప్పుడు నా పిల్లల్ని తింతావేటే? ఎల్లు, ఇల్లొగ్గీసి ఎల్లు!" ఊరంతా నిలబడి చూసింది. ముట్టుకుంటేనే అంటుకుంటుందని ఒక్కరూ అడ్డం రాలేదు. నేను ఆమెకు అడ్డంగా మీద పడ్డాను. తెడ్డు నా మోచేతికి తగిలి ఎముక విరిగింది. ఎవరో రాయి విసిరారు. ఆమె నుదురు చిట్లి రక్తం నా మెడ మీదుగా కారింది. "బండెందుకు తెచ్చినావమ్మా ఆనాడు?" అని నా చెవిలో ఒక్కటే మాట. పోలీసులు వచ్చేసరికి ఇంటికి మరిది తాళం పడింది. అతను కళ్లెదుటే ఉండగా ఆమె, "జారి పడ్డాను బాబూ" అంది. నాకు వాడి మీద కంటే నా మీదే అసహ్యం వేసింది.

ఆమె బతికింది. ఒక్కపూట మందు మానకుండా నేనే వెంటపడ్డాను. ఇప్పుడు బరంపురం బజారులో ఎండుచేపలు అమ్ముతుంది, అద్దె గదిలో ఉంటుంది. ఈమధ్య ధైర్యం చేసి, తప్పు నాదేనని చెప్పాను. చేపలు సర్దుతూనే, "దెబ్బలు మానిపోనాయమ్మా. నా ఇంట్లో ఇప్పుడు ఆడు కాపరముంతన్నాడు" అంది. ఆమె ప్రాణం కోసం నేను తిరిగిన ఏళ్లన్నీ నిజమే. ఆమె ఇల్లు పోవడానికి మాత్రం, చీర తడవకుండా నేను మిగుల్చుకున్న ఐదు నిమిషాలు సరిపోయాయి.